పాలు – ఆకలి – స్థూలకాయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఆహార విషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. పాడి గల గ్రామమున పాలనుగూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుటవంటిదే. అయినను, పాలు త్రాగిన లావెక్కుదుమని వానిని పూర్తిగా మానివేయువారును, లావు తగ్గుటకై పాలనుండి తీసిన పొడిని వేల రూపాయలు పోసి కొనువారును నేడు ఒకే వీథిలో కనబడుచున్నారు. వీరిలో ఎవరిది సరియైన మాట?

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన బరువును మించియున్నారు. పురుషులలో నూటికి 31 మంది. ఒంటిబరువు వెంట మధుమేహమును, రక్తపుపోటును, మోకాళ్ల నొప్పులును వచ్చుచున్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

పాలు విరిగినపుడు గడ్డ ఒకవైపు, తేటనీరు ఒకవైపు అగుట ప్రతి గృహిణియు చూచినదే. పాలలోని మాంసకృత్తులు కూడ ఇట్లే రెండు తెగలు. ఆవుపాలలో అయిదింట నాలుగు పాళ్లు గడ్డకట్టు తెగకు చెందినవి. దీనికి కేసీన్ అని పేరు. మిగిలిన ఒక పాలు తేటలో నిలుచును. దీనిని వే ప్రొటీన్ అందురు. కేసీన్ కడుపులోని ఆమ్లము తగులగనే పెరుగువలె పేరుకొని, గంటల తరబడి మెల్లగా జీర్ణమగును. తేటలోనిది పేరుకొనక త్వరగా ప్రేగులలోనికి జారి, రక్తమున కలియును. 1997లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఈ భేదమును కొలిచి చూపి, మొదటిదానిని నిదానపు మాంసకృత్తనియు, రెండవదానిని వేగపు మాంసకృత్తనియు వ్యవహరించిరి.

ఇక ఆకలి మాట. కడుపు ఖాళీగా నున్నపుడు గ్రెలిన్ అను హార్మోను ఆకలిని రేపును. ఆహారము ప్రేగులను చేరగనే అచ్చటనుండి కోలెసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1 మొదలగు హార్మోనులు వెలువడి, ఇక చాలునని మెదడునకు తెలుపును. మాంసకృత్తులు ఈ కబురును బాగుగ పంపును. 2003లో ఇంగ్లండున ప్రకటింపబడిన ఒక ప్రయోగములో, భోజనమునకు గంటన్నర ముందు ఒకసారి 48 గ్రాముల కేసీన్‌ను, మరియొకసారి అంతే వే ప్రొటీన్‌ను పానీయముగా నిచ్చిరి. వే ప్రొటీన్ త్రాగిన దినమున వారు తక్కువ భుజించిరి.

డబ్బాల వ్యాపారులు చెప్పునది ఇంతవరకే. చెప్పనిది లెక్క. 48 గ్రాముల వే ప్రొటీన్ ఆవుపాలనుండియే రావలెనన్నచో ఏడు లీటర్లును చాలవు! పాశ్చాత్య దేశములలో చీజ్ చేయగా మిగిలిన తేటనీటిని ఒకప్పుడు పందులకు పోసిరి, కాలువలలో విడిచిరి. తరువాత దానిని సన్నని పొరలగుండ వడగట్టి ఎండబెట్టు ఉపాయము తెలిసినది. ఆ పొడియే నేడు డబ్బాలకెక్కినది. దానిలో సారము లేదని నేననను. అమెరికాలో 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో, దినమునకు సుమారు 56 గ్రాముల చొప్పున 23 వారములు పుచ్చుకొన్నవారు, దానికి బదులు పిండిపదార్థము పుచ్చుకొన్నవారికంటె 1.8 కిలోలు తక్కువ తూగిరి. దాదాపు ఆరు మాసముల శ్రమకును ఖర్చునకును దక్కినది రెండు కిలోలకు లోపే.

పొడి కాక పాలనే ఇచ్చి చూచినవారును కలరు. 2009లో ఆస్ట్రేలియాలో లావుగా నున్న 34 మందికి ఉదయపు ఫలాహారముతో 600 మిల్లీలీటర్ల వెన్న తీసిన పాలొక దినమున, పండ్ల పానీయమొక దినమున ఇచ్చిరి. పాలు త్రాగిన దినమున మధ్యాహ్న భోజనము కొంత తగ్గినది. తగ్గినది 50 కేలరీల చిల్లర, అనగా మన లెక్కలో పిడికెడన్నము. అద్భుతమేమియు కాదు. కాని పిడికెడు చొప్పున ఏడాది పొడవున పెరిగినదే గదా మన నడుము!

మన గేదెపాలు చిక్కనివి. నూరు గ్రాములలో మాంసకృత్తు 4 గ్రాములకు పైగా నుండగా, కొవ్వు ఆరున్నర వరకుండును; మొత్తము 117 కేలరీలు. వెన్న తీసినచో మాంసకృత్తు చెక్కుచెదరదు, కేలరీలు మాత్రము సుమారు సగమునకు దిగును. కనుక లావెక్కుదుమని పాలు మానుకొనువారు మానవలసినది మీగడను, నేతిని గాని, పాలను కాదు. చిలికి వెన్న తీసిన చిక్కని మజ్జిగకును ఇదే న్యాయము. నీళ్ల మజ్జిగ దాహము తీర్చును. ఆకలిని ఆపుటకు అందులో సరుకుండదు.

మరియొక సంగతి. మనము కూరతో, పప్పుతో, చారుతో కడుపు నిండ తిని, తుదకు పెరుగు పోసికొందుము. దానికై మరల రెండు ముద్దల అన్నము పెట్టించుకొందుము. పైన చెప్పిన ఇంగ్లండు ప్రయోగములో మాంసకృత్తు ముందు, భోజనము వెనుక. లావు తగ్గగోరువారు వెన్న తీసిన పాలో, చిక్కని మజ్జిగయో ఒక గ్లాసెడు భోజనమునకు అరగంట ముందే పుచ్చుకొని, కడపటి పెరుగన్నమును తగ్గించి చూడవలెనని నా అభిప్రాయము. రెంటిని ఉంచుకొన్నచో లాభము లేదు. చక్కెర కలిపినను అంతే.

ఈ మాటలు పెద్దలకు మాత్రమే. ఎదుగు పిల్లలకును, గర్భిణులకును, బాలింతలకును పాలు తగ్గింపరాదు. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడుగక ఏ డబ్బాను ముట్టరాదు. పాలు పడక కడుపుబ్బరించువారు పెరుగును, మజ్జిగను వాడి చూడవచ్చును. పలువురికవి పాలకంటె బాగుగ ఇముడును.