తరలివచ్చిన గుడి, తరలిరాని యిల్లు

వస్తుప్రదర్శనశాల యనగానే మనకు గాజు బీరువాలు, వానిలో త్రుప్పు పట్టిన కత్తులు, ప్రక్కన కాగితపు చీటీలు తోచును. నేను నేడు చెప్పబోవునది అట్టి శాలను గూర్చి కాదు. దీనికి పైకప్పు లేదు, ఇండ్లే ఇందలి వస్తువులు. ఒకనాటి రైతు యింటిని, కుమ్మరి యింటిని, సాలెవాని యింటిని ఉన్నచోటినుండి విప్పి తెచ్చి, మరల యథాప్రకారముగ నిలిపి, పొయ్యిని పొయ్యి తావున, మగ్గమును మగ్గపు తావున నుంచి, లోపలికి వచ్చి చూడుడని జనులను పిలుతురు. కొన్నిచోట్ల ఆ కాలపు దుస్తులు ధరించినవారు ఆ పొయ్యిమీదనే వండి చూపుదురు. ఇట్టి శాలలకు మొదటిదిగా చెప్పునది స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోములో 1891 లో తెరచిన స్కాన్సెన్. ఆర్టుర్ హజేలియస్ అను పండితుడు, యంత్రశాలలు వచ్చి పల్లెల బ్రదుకు మారిపోవుచుండగా చూచి, దేశపు నలుమూలలనుండి ఇండ్లను అచ్చటికి చేర్పించెను.

మన దక్షిణదేశమున ఇట్టిది చెన్నపట్టణమునకు దక్షిణముగ, సముద్రతీరపు బాటలో, ముట్టుకాడు వద్ద కలదు. పేరు దక్షిణచిత్ర. 1984 లో ఏర్పడిన మద్రాసు క్రాఫ్టు ఫౌండేషను అను సంస్థ దీనిని నెలకొల్పి 1996 లో ద్వారములు తెరచినది. తమిళ, కేరళ, కన్నడ, తెలుగు దేశముల యిండ్లు అందున్నవి. పడగొట్టుటకు సిద్ధమైన పాత యిండ్లను కొని, విప్పి, ఆయా ప్రాంతముల వడ్రంగులను, మేస్త్రీలను పిలిపించి నిలిపినవి వీనిలో పెక్కు. చెట్టినాటి వర్తకుని యింటి స్తంభములును, కేరళపు చెక్కపనియు చూడదగినవే. కాని మేము ఎక్కువసేపు నిలిచినది తెలుగువారి భాగముననే. అచట విశాఖపట్టణపు వైపు చుట్టిల్లు ఒకటియు, నల్లగొండ వైపు చిటికి నేయు సాలెవారి యిల్లు ఒకటియు ఉన్నవి.

క్రిందటి శీతకాలమున మా కుటుంబమంతయు, అనగా నేను, నా భార్య, కుమారుడు, కోడలు, మనుమరాలు, మనుమడు వనపర్తినుండి పయనమై పోయి దీనిని చూచితిమి. నా భార్య సాలెవారి యింట గడప దాటి, గోడను అరచేత తడవి, ఒక మూల కూర్చుండి చాలసేపటికి గాని లేవలేదు. మనుమరాలు ఆమెను అడిగెను: “అవ్వా, నీ పుట్టినిల్లు గూడ ఇట్లనే ఉండెనా? మనం పోయి చూద్దమా?” ఆమె నవ్వి, “పోదం గాని బిడ్డా, నీళ్లల్ల ఏం చూస్తవు?” అన్నది.

నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతముల పెద్దలకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. శ్రీశైలము కడ కృష్ణకు అడ్డముగ ఆనకట్ట పని 1960 లో మొదలై 1980 దశకపు తొలియేండ్లకు ముగిసినది. నీరు నిలిచినకొలది ఇటు పాలమూరు జిల్లాలోను, అటు కర్నూలు జిల్లాలోను నూటికి మించిన పల్లెలు మునిగినవి. నా భార్య పుట్టినయూరు, సోమశిలకు కొంత ఎగువన ఏటి యొడ్డున నుండినది, వానిలో నొకటి. 1981 లో ఊరు విడిచినప్పుడు మా మామగారు మిద్దె విప్పించి దూలములను, ద్వారబంధమును బండ్లమీద వేసికొని పోయిరి. క్రొత్త కాలనీలో కట్టిన యిల్లు పొట్టిది. ద్వారబంధము పట్టకపోగా జానెడు కోయించి నిలిపిరి. అది నేటికిని నా బావమరది యింట ఉన్నది.

పిల్లల కోరికను కాదనలేక వైశాఖమాసమున, ఏటిలో నీరు తగ్గినపుడు, రెండు దినములకు ప్రయాణము కట్టితిమి. మొదట ఆలంపురమునకు పోతిమి. బీచుపల్లి కడ కృష్ణను దాటి, జాతీయ రహదారి విడిచి తుంగభద్ర వైపు తిరిగితిమి. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మల ఆలయములు అచటనే యున్నవి. వానికి నీరు తగులకుండ ఏటివైపు గట్టు కట్టి కాపాడిరి. మేము ముఖ్యముగ చూడబోయినది కూడవెల్లి సంగమేశ్వరుని. కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లి వద్ద నుండిన ఆ గుడిని, ముంపు వచ్చునని తెలిసి, పురావస్తుశాఖవారు ఆలంపురము చెంతకు తరలించిరి. ఇట్టి పనికి పద్ధతి యొకటి యున్నది. ప్రతి రాతికిని సంఖ్య వేయుదురు. గోడగోడకును పటము గీసి ఛాయాచిత్రము తీయుదురు. శిఖరమునుండి క్రిందికి వరుసవరుసగ విప్పి, క్రొత్త తావున పునాదినుండి పైకి ఆ సంఖ్యల ప్రకారమే పేర్చుదురు. తెలియనివాడు చూచిన, ఆ గుడి అనాదిగ అచ్చటనే యున్నదనుకొనును.

మనుమనికి తొమ్మిదేండ్లు. “గుడికి నంబర్లు వేసి తెచ్చిన్రు గద, అవ్వ ఇంటికి ఎందుకు వెయ్యలే తాతా?” అని అడిగెను. రాయి విడదీసిన రాయిగనే యుండును, మట్టిగోడ విడదీసిన మన్నగును, మన్నునకు సంఖ్య వేయుట కుదరదంటిని. వాడు వెంటనే, “మరి ఆడ దక్షిణచిత్రల మట్టిగోడలున్నయి గద!” అనెను. పిల్లవాని తర్కము సరియైనదే. అచ్చట మన్ను తరలిరాలేదు, ఆ మన్ను త్రొక్కి గోడ పెట్టనేర్చిన చేతులు తరలివచ్చినవి. కూడవెల్లిలో రాయి మిగిలిన చాలును. ఇంటి విషయమున నేర్చిన మనిషి మిగులవలెను. ఇంకొక కారణమును చెప్పవలసియున్నది. వేయేండ్ల గుడికి చట్టము తోడు కలదు, శాఖ కలదు. నూరేండ్ల రైతు మిద్దెను ప్రాచీన కట్టడమని వ్రాసికొనువాడు లేడు.

మరునాడు జటప్రోలు చూచితిమి. సంస్థానము పేరు మోసిన ఆ యూరి మదనగోపాలస్వామి ఆలయము, అగస్త్యేశ్వరాలయము గూడ ముంపునుండి తరలివచ్చినవే. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురము చేరినాడు. సోమశిలలో లలితాసోమేశ్వరుని గుడియు మీదికి వచ్చినది. ఆవలి గట్టున, కర్నూలు వైపు నుండిన సప్తనదీ సంగమేశ్వరము మాత్రము కదలలేదు. వేపదారువు లింగముగా గల ఆ స్వామి ఏటేట నీట మునిగి, వేసవిలో నీరు తీసినపుడు కొన్ని మాసములు మాత్రము దర్శనమిచ్చును. నీరు తీయగానే ఒండ్రు కడిగి దీపము పెట్టుదురు. తరలిన దేవుడును, మునిగి తేలు దేవుడును ఒకే యేటి యొడ్డున నుండుట నాకు వింతగ తోచినది.

సోమశిలలో రేవు దిగి ఒక చెట్టునీడన చద్దిమూట విప్పితిమి. భోజనమైన పిమ్మట నా భార్య ఏటి గులకరాళ్లు కొంగున నింపుకొని వచ్చి, ఎండిన ఒండ్రుమీద వరుసగా పేర్చనారంభించినది. “ఇది తూర్పు తలవాకిలి. ఇవి అరుగులు” అనుచు మొదలిడినది. ఎడమ చేతివైపు పశువుల గాడి. అది పల్లము. రెండు మెట్లెక్కిన మనుష్యుల పడసాల. ఎద్దులును మనుష్యులును ఒకే కప్పు క్రింద నుండెడివారని విని పిల్లలు ముక్కు మూసికొనిరి. “ముక్కు మూసుకుంటె ఎట్ల? రాత్రి ఎద్దు మేత మాన్తే మీ ముత్తాతకు నిద్రలనే తెలుస్తుండె” అన్నది. పడసాల నడుమ కప్పులో గవాచి. పగలు దాని వెలుగే యింటికి గడియారము. వెలుగు రోటిమీద పడినపుడు జొన్నలు దంచుట ముగియవలెను, గోడ యెక్కినపుడు పొలమునకు సద్ది పోవలెను.

కప్పు సంగతి నా కుమారుడు అడిగినాడు. దూలములమీద దంతెలు, దంతెలమీద సన్నని కట్టెలు, వానిమీద బోద, ఆపైన మన్ను, అన్నిటికి పైన చవుడు. చవుడు ఎండలో బిగిసి వాననీరు దిగనీయదు. ప్రతియేట మృగశిరకార్తెకు ముందు చవుటి బండి తోలుకొని వచ్చి మిద్దెమీద పరచవలెను. పరచినదానిమీదనే మరల మరల పరచిన బరువు హెచ్చి దూలము వంగును గనుక కొన్నేండ్లకొకమారు పాతది తీసివేయవలెను. ఈ మాట నాకును నాడే తెలిసినది.

పిమ్మట ఆమె వాకిటి ముందర వ్రేలితో ఒక గుండ్రని గుంట చేసినది. అది జొన్నల పాతర. ప్రక్కలకు గడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన బండ మూసి, మన్ను మెత్తుదురు. ఆమె స్వరము అచట గట్టిపడినది. పాతర తీసిన దినమున ఎవరును వెంటనే దిగరాదు. మొదట దీపము త్రాట కట్టి దింపవలెను. దీపము ఆరిన లోన చెడుగాలి యున్నదన్నమాట. అది తెలియక దిగి, ఆ యూరిలో ఒక జీతగాడు మరల పైకి రాలేదట. దక్షిణచిత్రలో గాని మరెచ్చట గాని గాజుపెట్టె ప్రక్కన నాకీ సంగతి కనబడలేదు. మనుమరాలు తన బడి పుస్తకమున ఒక పుట చింపి ఇల్లంతయు గీసి, ప్రతి భాగమునకు పేరు వ్రాసికొన్నది.

నేను పాత యింటిని స్వర్గమని పొగడువాడను కాను. వానకాలమున ఆ మిద్దె కారినపుడు గిన్నెలు పెట్టుకొని తెల్లవార్లు కూర్చుండినవారికి సిమెంటు కప్పు కోరుటకు పూర్తి హక్కు కలదు. ప్రదర్శనశాలలో పొయ్యి యుండును గాని పొగ యుండదు. రోలుండును గాని దంచి దంచి పొక్కులెక్కిన చేతులుండవు. ఆ యిండ్లలో గాడిలోకిగాని, పాతరలోకిగాని దిగలేనివారికి, అనగా తమకు గాడియు పాతరయు లేనివారికి, ఏ గుడిసె యుండెనో అదియు చూపవలెను. చూపనిచో చరిత్ర మోతుబరి యిల్లొక్కటే యగును.

రాజుల కట్టడములకు మా ప్రాంతమున క్రొత్త పని దొరికినది. వనపర్తి రాజభవనమున పాలిటెక్నికు విద్యాలయము, గద్వాల కోటలో కళాశాల నడచినవి. నేతపనియు గద్వాలలో ఇంకను సజీవము. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును వేరు పోగులతో పెనవేసి కుట్టుపని చేయు నేతగాండ్రు మగ్గపు గుంటలో కూర్చుండి నేటికిని పాదములాడించుచున్నారు. వారి వాకిటికి పోయి, అనుమతి అడిగి, పిల్లలకు చూపింపుడు. టిక్కెట్టు లేని ప్రదర్శనశాల యది. చూచినవారు ఒక చీర కొనిన ఆ మగ్గమునకు మేలు.

ఇండ్ల సంగతి యట్లు కాదు. కప్పు నిలిచియున్న పాత మిద్దెలు మన పల్లెలలో నేటికిని అక్కడక్కడ కలవు. పడగొట్టవలదని నేనెవరికిని చెప్పజాలను. పడగొట్టుటకు ముందు ఒక దినము ఆగి, కొలత త్రాటితో పొడవు వెడల్పులు కొలిచి, ఫోనుతో నాలుగు వైపుల చిత్రము తీసి, ఇంట పెద్దముసలమ్మను కూర్చుండబెట్టి ఏ మూల నేమి జరిగెడిదో చెప్పించి వ్రాసికొనుడు. దంతె, బోద, గరిసె, కుంపటి, మోట బొక్కెన మొదలగు మాటలను పేర్లు మాత్రము వ్రాయక, వాని పనితో గూడ వ్రాయుడు. పంచాయతి కార్యాలయమునందో బడియందో ఆ పుస్తకమును, విరిగిన గొర్రు జడ్డిగముతో గూడ ఒక మూల నుంచిన చాలును. ద్వారబంధము చిన్నదైన యింట పట్టకున్న కోయక, బడి వాకిటికి అడుగుడు. అంతకు పెద్ద ఖర్చు లేదు.

మనుమరాలు వ్రాసిన కాగితము మా యింట గోడకు అంటించి యున్నది. అందు ముప్పదికి పైగా మాటలు చేరినవి. పడసాలలో స్తంభములు ఎనిమిది యని నా భార్య వ్రాయించినది. ఫోనులో అడుగగా పది యని ఆమె తమ్ముడు పట్టుబట్టినాడు, గాడి చెంతనున్న రెండింటిని అక్క మరచెనట. “అవి స్తంభాలు గావురా, గుంజలు” అని ఈమె. పండుగకు వచ్చినపుడు నేలమీద గీసి చూపెదనన్నాడు.