సర్టిఫికెట్ ఎప్పుడు అక్కరకొస్తుంది?

గుమ్మిడిపూండి స్టేషన్‌లో పొద్దున్నే చెన్నై లోకల్ ఎక్కే మన తెలుగిళ్ల పిల్లల్లో, సిప్కాట్ ఫ్యాక్టరీల కన్నా ఐటీ కొలువు మీదే మనసున్నవాళ్లు ఉన్నారు. ఆ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నాలుగు మాటలు.

సిస్కో వారి సీసీఎన్ఏ సర్టిఫికెట్ నెట్‌వర్కింగ్‌లో తొలి మెట్టు. రెండు గంటల పరీక్ష. రుసుము 300 డాలర్లు, మన ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. పైగా మూడేళ్లకే గడువు తీరిపోతుంది. అయినా కొత్తవాళ్లకు ఇది మేలే చేస్తుందని నా నమ్మకం, చదివింది చేతికి వస్తేనే సుమా! "స్లాష్ 26 నెట్‌వర్క్‌లో ఎన్ని కంప్యూటర్లు పెట్టొచ్చు?" అని ఇంటర్వ్యూలో అడిగారనుకోండి. మొత్తం చిరునామాలు 64. నెట్‌వర్క్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి పోతే 62. ఈ లెక్క తడుముకోకుండా కాగితం మీద వేసి చూపించినవాళ్ల మాటకు విలువ ఉంటుంది. జవాబులు బట్టీపట్టి పాసైనవాళ్లు అక్కడే దొరికిపోతారు.

పై మెట్ల సంగతి వేరు. సిస్కో వారిదే అయిన సీసీఐఈకి రాతపరీక్ష తర్వాత ఎనిమిది గంటల ల్యాబ్ ఉంటుంది. భద్రతా రంగంలోని సీఐఎస్ఎస్‌పీకి సాధారణంగా ఐదేళ్ల పని అనుభవం అడుగుతారు. అది లేకుండా పరీక్ష నెగ్గినా పూర్తి గుర్తింపు రాదు. కాలేజీ దాటగానే అప్పుచేసి వీటి వెంట పడటం తొందరపాటు.

ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం. డబ్బు కట్టేముందు అక్కడ ఒక్క కోర్సు చివరిదాకా వినండి.