ముప్పై ఆరో గది: సాధన విలువ చెప్పిన కుంగ్‌ఫూ సినిమా

జీవితమంతా పిల్లలకు పరుగు, కబడ్డీ, కర్రసాము నేర్పిన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి పేరున జరిగే స్మారకోపన్యాసంలో హాంకాంగ్ సినిమా ఊసెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. 1978 ఫిబ్రవరిలో విడుదలైన ‘ది థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ చూసినవారికి ఆ సందేహం రాదు. కొట్లాట సినిమాలకు లోకంలో కొదవ లేదు. కొట్లాటకు ముందు మనిషి పడే పాట్లనూ, నేర్చుకోవడంలోని విసుగునూ, వచ్చిందన్న క్షణాన కలిగే సంతోషాన్నీ ఇంత ఓపికగా చూపినవి మాత్రం బహు తక్కువ. దాదాపు యాభై ఏళ్లుగా జనం ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూడడానికి కారణం అదే.

కథ మామూలుదే. మంచూ పాలకుల కాలం. కాంటన్‌లో చదువుకుంటున్న యువకుడొకడు తిరుగుబాటుదారులతో కలుస్తాడు. గుట్టు బయటపడుతుంది. సైన్యం విద్యార్థులనూ, వాళ్ల బంధుమిత్రులనూ మట్టుబెడుతుంది. ఇతనొక్కడు గాయాలతో తప్పించుకుని, కూరగాయల బండిలో దాక్కుని షావొలిన్ మఠం చేరతాడు. బయటివాడని మొదట కాదన్నా, మఠాధిపతి దయతలచి ఉండనిస్తాడు. అక్కడ అతని పేరు సాన్ తె. దక్షిణ చైనా వీరగాథల్లో వినిపించే పేరది. ఆ పాత్ర వేసిన గోర్డన్ లియూకు ఈ ఒక్క సినిమాతో ప్రపంచమంతటా గుర్తింపు వచ్చింది.

ఏడాది గడిచినా అతనికి ఎవరూ ఏమీ నేర్పరు. చివరికి తానే వెళ్లి అడుగుతాడు. ముప్పై అయిదు గదులున్నాయి, ఎక్కడ మొదలుపెడతావంటారు. కుర్రతనం కదా, అన్నిటికంటే పై గదే కావాలంటాడు. అక్కడ ముసలి సన్యాసులు సూత్రాలు వల్లిస్తూ కూర్చుని ఉంటారు. వాళ్లు చెప్పేది అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. గదిలో నిలవలేక బయటపడతాడు. మర్నాటి నుంచి అట్టడుగు గదిలో ఓనమాలు.

అట్టడుగు గదిలో ఉన్నది ఒక నీటి గుంట. దాని అవతల భోజనశాల. మధ్యలో నీటిమీద తేలే కట్టెలు. వాటిమీద కాలు మోపి దాటినవాడికే అన్నం. సాన్ తె నీళ్లలో పడతాడు, తడిబట్టలతో, ఆకలితో నిలబడతాడు. మళ్లీ పడతాడు. కిటుకు ఇదీ అని ఏ గురువూ చెప్పడు. రాత్రిపూట అందరూ నిద్రపోయాక ఒంటరిగా వచ్చి ప్రయత్నిస్తాడు. ఒంటి బరువు ఎక్కడ పెట్టాలో, ఎంత వేగంగా తీయాలో కాళ్లకు తెలిసేదాకా పడుతూనే ఉంటాడు. చూసేవారు కూడా అతనితోపాటు ఊపిరి బిగబట్టి నేర్చుకుంటారు. గొప్ప పాఠం ఎలా చెప్పాలో తెలిసిన దర్శకుడు తీసిన సన్నివేశమిది.

ఆపైన చేతులు బార్లా చాపి నీళ్ల బొక్కెనలు మోయాలి. దండలకు కత్తులు కట్టి ఉంటాయి, చేతులు ఏమాత్రం దిగినా మొనలు డొక్కలో దిగుతాయి. పొడవాటి కర్ర చివరనున్న బరువైన సుత్తిని మణికట్టు బలంతోనే ఆడించి గంట కొట్టాలి. చెంపల పక్కన పెద్ద అగరువత్తులు మండుతుంటే తల తిప్పకుండా, ఊగే దీపాన్ని కళ్లతో వెంబడించాలి. వరసగా వేలాడే ఇసుక సంచులను తలతో ఢీకొడుతూ నడవాలి. కాళ్లకు, పిడికిళ్లకు, కర్రకు, కత్తికి ఒక్కోదానికి ఒక్కో గది. రెండు గంటలకు కాస్త తగ్గిన సినిమాలో నడిభాగమంతా ఇదే. హీరో ఎవరినీ కొట్టడు, పాట లేదు, ప్రేమకథ లేదు. అయినా కళ్లు తిప్పుకోలేం.

ఇంత నమ్మకంగా తీయడానికి దర్శకుడు లావ్ కార్ లియాంగ్ పుట్టి పెరిగిన ఇల్లే కారణం. ఆయనకు విద్య నేర్పింది తండ్రి లావ్ చామ్. తండ్రికి గురువు లామ్ సాయ్ వింగ్, ఆయనకు గురువు దక్షిణ చైనా ఆరాధించే వాంగ్ ఫెయ్ హంగ్. హంగ్ గార్ అనే కుంగ్‌ఫూ సంప్రదాయం వీళ్లది. గోర్డన్ లియూ అసలు పేరు వేరు. లావ్ చామ్ దగ్గర శిష్యుడిగా చేరి గురువు ఇంటిపేరునే తన పేరు చేసుకున్నాడు. అంటే తెరమీద కనిపించే ఒంటిలోనే ఆ విద్య ఉంది. కెమెరా కూడా దాన్ని గౌరవించింది. దెబ్బను ముక్కలుగా కోయకుండా, తలనుంచి పాదం దాకా మనిషి కనబడేలా చాలాసేపు నిలిపి చూపిస్తుంది. లావ్ అప్పటికి చాలా ఏళ్లు ఛాంగ్ చె వంటి దర్శకులకు పోరాటాలు సమకూర్చి, 1975లో ‘ది స్పిరిచువల్ బాక్సర్’తో దర్శకుడయ్యాడు. గెలుపుకన్నా సంయమనం మీదే ఆయనకు మక్కువ. 1978లోనే తీసిన ‘హీరోస్ ఆఫ్ ది ఈస్ట్’ నిండా పోరాటాలే, ఒక్క ప్రాణమూ పోదు.

సినిమాలో కనిపించే మఠం షా బ్రదర్స్ సంస్థ హాంకాంగ్ స్టూడియోలో వేసిన సెట్టు. అసలు షావొలిన్ చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఉంది. జెట్ లీ నటించగా 1982లో వచ్చిన ‘షావొలిన్ టెంపుల్’ ఆ గుడి ప్రాంగణంలో తీసిన సినిమాగా పేరు పొందింది. షావొలిన్ అనగానే తెలుగువారికి 2011 నాటి సూర్య సినిమా ‘సెవెన్త్ సెన్స్’, అందులోని బోధిధర్ముడు గుర్తొస్తారు. ఆయన దక్షిణ భారతం నుంచి వెళ్లాడన్నది ప్రచారంలో ఉన్న సంప్రదాయం. పోరాట విద్యను ఆయనకు ముడిపెట్టే కథ మాత్రం చాలా శతాబ్దాల తర్వాత, పదిహేడో శతాబ్దంలో పుట్టిందని చరిత్రకారులు తేల్చారు. లావ్ సినిమా ఆ గొడవ జోలికి పోలేదు. విద్య ఎక్కడ పుట్టిందన్నదానికన్నా, ఎవరికి చేరిందన్నది దానికి ముఖ్యం.

అందుకే అసలు మలుపు ముప్పై అయిదు గదులూ ముగిశాక వస్తుంది. మఠంలోని ఓ పెద్ద రెండు కత్తులతో సాన్ తెను ఓడిస్తాడు. సాన్ తె వెదురు తోపులో తిరుగుతూ ఆలోచించి, మూడు కర్రముక్కలను గొలుసులతో కలిపి కొత్త ఆయుధం చేసి గెలుస్తాడు. మెచ్చిన పెద్దలు ఏ గదికి అధిపతివి అవుతావంటే, లేని గదిని అడుగుతాడు: ముప్పై ఆరోది, మఠం బయటి మామూలు జనానికి విద్య నేర్పే గది. పెద్దలు ఒప్పుకోరు. మఠాధిపతి మాత్రం శిక్ష పేరుతో అతన్ని విరాళాల సేకరణకు బయటికి పంపుతాడు. ఆ శిక్షే అనుమతి. గోడ దాటిన విద్య కూలినాలి చేసుకునే కుర్రాళ్లకు చేరుతుంది. ఈ చివరి అంకం హడావిడిగా సాగిన మాట నిజం. లో లియే వేసిన సైనికాధికారితో తుదిపోరు బాగున్నా, మఠంలోని గంటసేపటి నిండుదనం దానికి లేదు. అయినా కథ అక్కడికి వెళ్లకపోయి ఉంటే సినిమా వట్టి వ్యాయామ ప్రదర్శనగా మిగిలేది.

ఆ ముప్పై ఆరో గది ఎంత దూరం వెళ్లిందో చూడాలి. అమెరికాలో ‘మాస్టర్ కిల్లర్’ పేరుతో నడిచిన ఈ సినిమా న్యూయార్క్ చవక థియేటర్లలో, టీవీల్లో నల్లజాతి కుర్రాళ్లను పట్టుకుంది. వాళ్లలో కొందరు కట్టిన ర్యాప్ బృందమే వూ టాంగ్ క్లాన్. 1993లో వచ్చిన తొలి ఆల్బమ్ పేరులో ‘36 ఛాంబర్స్’ ఉంది, బృందంలో ఒకతని పేరు మాస్టా కిల్లా. ఆ బృంద సారథి ఆర్‌జెడ్‌ఏ తర్వాత ఈ సినిమాను తెరమీద ఆడిస్తూ, దానికి తన సంగీతాన్ని అక్కడికక్కడే వినిపించే ప్రదర్శనలిచ్చాడు. అమెరికన్ దర్శకుడు టరంటినో 2004లో ‘కిల్ బిల్’ రెండో భాగంలో పై మెయ్ అనే కఠిన గురువుగా గోర్డన్ లియూనే తీసుకున్నాడు. శిష్యుడిగా పేరు తెచ్చుకున్నవాడు పాతికేళ్ల తర్వాత గురువయ్యాడు.

మన సినిమాల్లో హీరో సాధన సాధారణంగా ఒక పాటలో ముగిసిపోతుంది. పల్లవిలో కింద పడ్డవాడు చివరి చరణానికి పహిల్వాను. అది తప్పని కాదు, కానీ చూసే పిల్లలకు మధ్యలో ఏం జరిగిందో తెలియదు. గరిడీలూ తాలింఖానాలూ నడిపిన తెలుగు ఊళ్లకు ఆ మధ్యలో జరిగేదేమిటో బాగా తెలుసు. దాన్ని నింపాదిగా తెరకెక్కించే తెలుగు దర్శకుడు రావాలి.

లావ్ కార్ లియాంగ్ 2013 జూన్‌లో కన్నుమూశారు. సినిమా శుభ్రపరిచిన ప్రతిలో ఇప్పుడు దొరుకుతోంది. కరాటే, కర్రసాము, కుస్తీ నేర్పే గురువులు దాన్ని శిష్యులతో కూర్చుని చూడాలి. చూశాక, ఫీజు కట్టలేక గేటు దగ్గరే నిలబడిపోయే పిల్లల కోసం వారానికి ఒక్క పూటైనా తలుపు తెరవాలని వారికి ఈ వేదిక మీదినుంచి విన్నపం.