విన్నోళ్లు తిరిగి చెప్పాలె
(బోనకల్‌ల శిక్షకుల తరగతిలో చేసిన ప్రసంగం)

ఒకసారి 610 జీవో మీద గంటసేపు మాట్లాడిన. చప్పట్లు బాగనే కొట్టిండ్రు. వేదిక దిగంగనే ఒక పెద్దాయన అడిగిండు: "బిడ్డా, ఇంతకూ అండ్ల ఏమున్నది?" తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రే ఒక్క ముక్కల రాసుకున్న: రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జోన్లల్ల చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోపల వాపసు పంపాలని 1985 డిసెంబర్ 30న సర్కారు ఇచ్చిన ఉత్తర్వు. గంటల చెప్పలేనిది గింతే.

పోయేముందు ఒక్క సంగతి ఎంచుకోండి. నీళ్ల ముచ్చటైతే టీఎంసీలతోని కాదు, బోనకల్ బ్రాంచి కాలువ చివరి మడికాడ మొదలుపెట్టండి. అయిపోయినంక చప్పట్లు లెక్కపెట్టకండి. వెనక వరుసల ఒకరిని "ఏం విన్నరో చెప్పుండ్రి" అని అడగండి. ఆయన చెప్పలేకపోతే తప్పు ఆయనది కాదు, మనది.