టార్గెట్ ఫ్రేము: ఒక వడ్రంగి సిపాయి మాటలు

(మన సంఘం ఉగాది సభలో ఒక విశ్రాంత నాయబ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "ఈసారి మీరు మాట్లాడాలి" అన్నప్పుడు, నా దగ్గర యుద్ధం కబుర్లు లేవండీ, ఉన్నదల్లా చెక్కపొట్టు కబుర్లే అన్నాను. అవే చెప్పండి అన్నారు. కాబట్టి తప్పు నాది కాదు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. వడ్రంగుల ఇల్లు. మా నాన్న అరకలు, బండి చక్రాలు చేసేవాడు. నేను 1979లో బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సాపర్‌గా చేరాను. ట్రేడ్ అడిగితే కార్పెంటర్ అన్నాను. ఇంట్లో వద్దనుకుని పారిపోయి వచ్చిన పనే పటాలంలో మళ్ళీ చేతికొచ్చింది. 2005లో ఇంటికి వచ్చేదాకా ఇరవై ఆరేళ్ళు ఉలి, రంపం వదిలింది లేదు. బ్రిడ్జి పనులు, షట్టరింగ్, బ్యారక్ తలుపులు అన్నీ చేశాను గానీ, ఎక్కువగా చేసింది ఫైరింగ్ రేంజి టార్గెట్ ఫ్రేములు.

మీలో ప్రతి ఒక్కరూ ఫైరింగ్ చేసినవాళ్ళే. గ్రూపింగ్, జీరోయింగ్, ఫిగర్ లెవెన్, అన్నీ తెలుసు. ఫైరింగ్ పాయింటు దగ్గర పడుకున్నవాడికి బొమ్మ కనబడుతుంది. బొమ్మను పట్టుకున్న చెక్క కనబడదు, కనబడాల్సిన పనీ లేదు. బట్‌లో కందకంలో కూర్చున్న మార్కర్లకు మాత్రం తెలుస్తుంది ఆ చెక్క సంగతి. గుండు కాగితాన్ని కొడితే టప్ అంటుంది. చెక్కను కొడితే చిట్లిన శబ్దం, వెంటనే తల మీద పేళ్ళు. ఆ శబ్దం వినగానే ఎవడో ఒకడు "వాష్ అవుట్" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. సాయంత్రం దాన్ని బాగుచేయాల్సింది నేనే.

నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ ఒక హవల్దార్. తమిళుడు. ఆయన హిందీ మా హిందీకన్నా అధ్వాన్నం. మొదటిసారి నన్ను నాలుగడుగుల ఫ్రేము చేయమన్నాడు. నేను మా నాన్న పరువు నిలబెడదామని మంచి గట్టి చెక్క ఏరి, చిత్రిక పట్టి, నాలుగు మూలలా పెద్ద మేకులు దిగేసి, మధ్యలో బలానికి ఒక అడ్డపట్టీ కూడా వేసి చూపించాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. "ఇది పెళ్ళికూతురికి మంచమా?" అని అడిగాడు. అడ్డపట్టీని కాలితో తన్ని ఊడగొట్టాడు. "గోలీకో రాస్తా దో. లక్డీ బీచ్ మే మత్ డాలో" అన్నాడు. గుండుకు దారి వదులు, చెక్కను మధ్యలో పెట్టకు అని. నాకు కోపం వచ్చింది. ఆ మాట అర్థం కావడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు ఆ నాలుగడుగుల ఫ్రేము సంగతి. మెత్తటి చెక్క కావాలి. ప్యాకింగ్ పెట్టెల దేవదారు రీపర్లు శ్రేష్ఠం. గుండు తగిలితే చిన్న కన్నం చేసుకుని అవతలికి పోతుంది. గట్టి చెక్కైతే నిలువునా చీలుతుంది. మూలల దగ్గర రెండు చెక్కల్నీ సగం మందం కోసి ఒకదానిలో ఒకటి కూర్చాలి. మేకు వేయక తప్పకపోతే సన్నటిది, వెనక నుంచి. కర్ణంలాగా మూలకు మూలకు పొట్టి పట్టీలు వేయాలి, అవి కూడా అంచుల్లోనే. దాని మీద గోనెగుడ్డ బిగించి, మైదా ఉడికించిన గంజి (మనం లేయీ అంటాం) పూసి కాగితం అతికించాలి. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే తప్పొకటుంది. లేయీ ఆరేటప్పుడు గుడ్డను లాగుతుంది. ఒకవైపే పూస్తే తెల్లారేసరికి ఫ్రేము అప్పడంలా వంకర తిరుగుతుంది. రెండు వైపులా పూయాలి, నీడలో ఆరబెట్టాలి. లేయీలో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. కలపకపోతే ఎలుకలు స్టోర్లో ఒక్క రాత్రిలో ఫిగర్ లెవెన్ తల కొరికేస్తాయి, ఏ మార్క్స్‌మన్ చేయలేనంత శుభ్రంగా.

బాగుచేయడం అనేది చేయడంకన్నా పెద్ద విద్య. నిలువు పట్టీ విరిగితే పక్కన ఇంకో చెక్క పెట్టి మేకులు కొట్టేయడం అందరూ చేసేదే. అది పని జరుపుకోవడం, అంతే. సరైన పద్ధతి ఏటవాలు కోత. విరిగిన భాగం తీసేసి, రెండు కొసల్నీ ఏటవాలుగా కోసి, కొత్త ముక్కను అంతే ఏటవాలుగా కోసి జిగురుతో కలిపి, పురికొసతో బిగించి చుట్టాలి. చెక్క మందం అంగుళమైతే కోత ఎనిమిది అంగుళాలు పొడుగు ఉండాలి. అంతకు తగ్గిస్తే అతుకు దగ్గరే మళ్ళీ విరుగుతుంది. ఫ్రేము కాళ్ళు నేలలో పాతకూడదు, చెద పడుతుంది. ఇటుకల మీదో, సాకెట్లోనో నిలబెట్టి ఇసుక బస్తాలు వేయాలి. కాళ్ళకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే వానాకాలం గట్టెక్కుతుంది.

ఇంక ఇంటి సంగతికి వస్తాను.

2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది. మా మనవరాలు అది టీవీలో చూసింది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. "తాతయ్యా, నువ్వు ఆర్మీ కదా, నాకు నేర్పు" అంది. ఇంతకన్నా ఏం కావాలి నాకు? 2008లో బీజింగ్‌లో బంగారు పతకం తెచ్చిన అభినవ్ బింద్రాకు ఇంట్లోనే రేంజి ఉండేదని చదివాను. వాళ్ళది పెద్ద ఇల్లు. మాది పెన్షన్ ఇల్లు. అయినా ఇంటి పక్క ప్రహరీ వెంట పదమూడు మీటర్ల సందు ఉంది. ఎయిర్ రైఫిల్ పోటీకి కావాల్సింది పది మీటర్లే. 0.177 అంగుళం, అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల బోరుకు, 20 జౌళ్ళ శక్తికి మించని ఎయిర్ రైఫిలుకు 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అంతకుమించిన ఆయుధంతో ఇంటి దగ్గర రేంజి అనే మాటే వద్దు, అది మీకు నేను చెప్పనక్కర్లేదు.

మా అబ్బాయికి ఇష్టం లేదు. "నాన్నా, ఆడపిల్ల, చదువుకోనీ" అన్నాడు. కోడలు మాత్రం "మామయ్య గారు దగ్గరుండి చూసుకుంటారు లెండి" అని నా తరఫున హామీ ఇచ్చింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఫ్రేము నేనే చేశాను. ఇంటి గుమ్మాలకు వాడగా మిగిలిన టేకు ఉంది. మనవరాలికి చేసేది కదా, టేకుతోనే చేశాను. పాలిష్ కూడా పెట్టాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఎయిర్ రైఫిల్ కార్డు ఎనిమిది సెంటీమీటర్లు చదరం. దాని మధ్య పదో నంబరు చుక్క అర మిల్లీమీటరు. సందులో గాలి తోలితే కార్డు ఊగుతోందని, కార్డు వెనక ఒక టేకు అడ్డపట్టీ వేశాను. దాని వెనక ఒక గోనెసంచి. పిల్ల చేతికి రైఫిల్ బరువని, బల్ల మీద ఆనించి ఆరు మీటర్లకే కాల్పించాను. కళ్ళద్దాలు పెట్టించలేదు. ఎయిర్ గన్నే కదా అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు చేసినవాడు అనుకోవాల్సిన మాటేనా అది?

నెలన్నర బాగానే నడిచింది. 2024 సంక్రాంతి సెలవుల్లో ఒక పొద్దున, నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఉండగానే, పిల్ల కాల్చింది, వెంటనే "అమ్మా" అని నుదురు పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం. నేను రక్తం చూడనివాణ్ణి కాదు. కానీ ఆ రోజు నా కాళ్ళు లేవలేదు. కోడలే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. ఎడమ కనుబొమ మీద తెగింది. రెండు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన డాక్టరు నా వంక చూసి, "ఇంకో అర అంగుళం కిందికి తగిలుంటే" అని ఆగిపోయాడు.

మా అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. రైఫిల్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఫ్రేము ఊడదీసి ఎండలో పెట్టి చూశాను. కార్డు వెనక అడ్డపట్టీలో, సరిగ్గా చుక్క ఎదురుగా, రూపాయి బిళ్ళంత మేర సీసం గట్టిపడి ఉంది. నెలన్నరగా పిల్ల గురి కుదురుతున్న కొద్దీ పెల్లెట్లన్నీ ఒకే చోట దిగాయి. మొదట్లో చెక్క వాటిని మింగింది. తర్వాత సీసం మీద సీసం పడి, వెనక టేకు గట్టితనం తోడై, కొత్తగా వచ్చిన పెల్లెట్‌ను బంతిలా వెనక్కి విసిరేసింది. అంటే పిల్ల బాగా కాల్చబట్టే దానికి దెబ్బ తగిలింది. ఆ చెక్క చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుంటే, కాలితో అడ్డపట్టీ ఊడగొట్టిన మా ఉస్తాద్ కళ్ళ ముందు కనబడ్డాడు.

రెండు నెలలు ఆ సందులోకి ఎవరూ వెళ్ళలేదు. పిల్ల కూడా అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధ. కుట్ల మచ్చ చూసినప్పుడల్లా కోడలి మొహం చూడలేకపోయేవాణ్ణి. హామీ ఇచ్చింది ఆవిడ కదా.

తర్వాత నేను మళ్ళీ మొదలుపెట్టాను, ఎవరికీ చెప్పకుండా. ఈసారి ఫ్రేము రెండడుగులు చదరం, దేవదారు రీపర్లతో. కార్డు చుట్టూ ఎటు చూసినా జానెడు ఖాళీ. కార్డు వెనక చెక్క లేదు, మేకు లేదు. పైన, కింద కట్టిన సన్నటి నూలు తాళ్ళకు బట్టల క్లిప్పులతో కార్డు నిలుస్తుంది. గాలికి ఊగితే ఊగనీ, సందు మొగలో పరదా కడితే గాలీ తగ్గింది. నిలువు పట్టీలు రెండూ గాడిలో దూర్చి వెదురు చీలలతో బిగించాను. దెబ్బతిన్నది సుత్తి లేకుండా ఊడి వస్తుంది, కొత్తది రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. ఇంట్లో ఫ్రేముకు ఏటవాలు అతుకులు వేయను. పటాలంలో చెక్కకు లెక్క చెప్పాలి గనుక బాగుచేసేవాళ్ళం. ఇక్కడ రీపరు ఖరీదు ఒక టీ, రెండు గారెలు. పెల్లెట్ దిగి ఉండిపోయిన పట్టీ కనబడిందా, తీసి పొయ్యిలోకి కాదు, చెత్తలోకి. సీసం ఉంది కాబట్టి మంట పెట్టకూడదు.

ఫ్రేము వెనక విడిగా పెట్టె. అడుగున్నర లోతు, ముందు మూత లేదు. వెనక మూడు మిల్లీమీటర్ల ఇనప రేకు, దాని ముందు పాత చీరలు, పంచెలు కూరి కూరి నింపాను. పెట్టె ముందు పాత కంబళి వదులుగా వేలాడుతుంది. లోపల ఏదైనా ఎగిరినా దానికి తగిలి కింద రాలుతుంది. రెండు వారాలకొకసారి గుడ్డలు తిరగేసి సీసం ఏరేస్తాను, ఒకే చోట పేరుకోనివ్వను. దాని వెనక తొమ్మిదంగుళాల ఇటుక గోడ. కార్డు మధ్యభాగం కాల్చేవాడు నిలబడే నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తు, పోటీ రూలు అదే. దూరం పూర్తిగా పది మీటర్లు. సందు తలుపుకు లోపల గడియ, బయట ఎర్ర జెండా. కాల్చేవాళ్ళకూ చూసేవాళ్ళకూ కళ్ళద్దాలు. అయ్యాక సబ్బుతో చేతులు కడిగితేనే పకోడీలు. నేల చీపురుతో ఊడవం, తడిగుడ్డ పెడతాం.

ఇదంతా అయ్యాక మా అబ్బాయిని పిలిచాను. ఒక్క ముక్క చెప్పలేదు. తాళం అడిగి రైఫిల్ తీసుకుని, వాడి ఎదురుగా ఒకే చుక్క మీద రెండు వందల పెల్లెట్లు నేను కాల్చాను. నా కళ్ళకిప్పుడు శుక్లాలు, ఆ గ్రూపింగ్ గురించి అడక్కండి. ముందు నేల మీద తెల్ల దుప్పటి పరిచాను. కాల్చడం అయ్యాక ఇద్దరం వంగి వెతికాం. దుప్పటి మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. వాడు పెట్టె దగ్గరకెళ్ళి కంబళి ఎత్తి చూశాడు, ఫ్రేము పట్టీలు చేత్తో తడిమాడు. "ఇది మొదటే ఇలా చేసుండొచ్చు కదా నాన్నా" అన్నాడు. ఉండొచ్చు. నాకు నేర్పినవాడు ఉన్నాడు, నేర్చుకున్న చేతులూ ఉన్నాయి. మనవరాలి ముందు టేకు పాలిష్ చూపించుకోవాలన్న సరదా అడ్డం వచ్చింది.

పిల్ల ఇప్పుడు వారానికి నాలుగు రోజులు కాలుస్తోంది. కనుబొమ మీద మచ్చ ఉంది. స్కూల్లో అడిగితే "మా తాతయ్య ఫ్రేము కొట్టింది" అని చెబుతుందట.

మీలో చాలామంది ఇళ్ళ దగ్గర పిల్లలకు ఎయిర్ రైఫిల్ కొనిచ్చారని ఇందాక టీ దగ్గర విన్నాను. కాబట్టి రెండు ఫ్రేములు ఆటోలో వేసుకొచ్చి బయట వరండాలో పెట్టాను. ఒకటి కొత్తది. రెండోది ఆ టేకుది, సీసం మరకతో సహా. కొలతలు రాసుకునేవాళ్ళకు పెన్సిలు దారంతో కట్టే ఉంచాను. పోయినసారి నా టేపు ఎవరో పట్టుకెళ్ళారు, ఈసారి వదిలేయండి. సెలవు. జైహింద్.