గోడమీద ఎర్రగీత పడకముందే

(రోడ్ల విస్తరణపై ప్రొద్దుటూరులో చేసిన ప్రసంగ పాఠం)

 

రోడ్డు వద్దని చెప్పడానికి మనమిక్కడ సమావేశం కాలేదు. జమ్మలమడుగు నుండి రోగిని కడపకు చేర్చే అంబులెన్సుకు మంచి రోడ్డు కావాలి. పులివెందుల రైతు అరటి గెలలు వాడిపోకముందే మార్కెట్టు చేరడానికీ కావాలి. రోడ్డు గీసేవారు ఆ వీధిలో ఎవరు బ్రతుకుతున్నారో చూసి గీస్తున్నారా, లేక కాగితం మీద స్కేలు పెట్టి గీస్తున్నారా అన్నదే మన ప్రశ్న.

ఈ మూడు పట్టణాలలోనూ మన సమాజంలో చాలామంది బ్రతుకు వీధితో ముడిపడి ఉంది. మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, దర్జీ కొట్టు, గాజుల దుకాణం, పరుపులు కుట్టే నూర్‌బాషా సోదరుని గది – ఇవన్నీ రోడ్డు అంచును నమ్ముకున్నవే. ఆరడుగులు పోతే పెద్ద భవనానికి మెట్లు పోతాయి. పదడుగుల కొట్టు ఉన్నవానికి జీవనోపాధే పోతుంది.

పైగా ఆ కొట్టు చాలాసార్లు అద్దెది. మన రాష్ట్రంలో పట్టణ రోడ్ల విస్తరణకు స్థలమిచ్చిన యజమానికి నగదుకు బదులు టీడీఆర్ బాండు ఇచ్చే పద్ధతి ఉంది. పోయిన స్థలానికి బదులుగా మరోచోట అదనపు నిర్మాణం చేసుకునే హక్కు అది, అమ్ముకోవచ్చు కూడా. పెద్ద నగరంలో దానికి కొనేవారుంటారు. చిన్న పట్టణంలో ఎవరికి అమ్మాలి? ఇరవై ఏళ్లుగా అద్దె కడుతున్నవానికి అందులో వాటా ఏది? 2013 నాటి భూసేకరణ చట్టమైతే సొంత భూమి లేకున్నా, మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ ఉపాధి కోల్పోయే అద్దెదారులను, చేతివృత్తులవారిని కూడా బాధిత కుటుంబాల నిర్వచనంలో చేర్చింది. అందుకే సంతకం పెట్టకముందే అడగండి: ఈ స్థలాన్ని ఏ చట్టం కింద తీసుకుంటున్నారు? అయితే 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ, మౌలిక వసతుల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుండి మినహాయించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. కాబట్టి బహిరంగ విచారణ దానంతటదే జరుగుతుందని ఎదురుచూడకండి.

జాతీయ రహదారుల సంగతి వేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా 67వ నంబరు రహదారి, పులివెందుల మీదుగా 716జి వెళ్తున్నాయి. ఇటువంటి రహదారికి భూమి తీసుకోదలిస్తే 1956 చట్టం కింద గెజిట్‌లో ప్రకటన వస్తుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికలలో వేస్తారు. గెజిట్ ప్రకటన నాటి నుండి 21 రోజులలోపు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవాలి. ఈ ప్రకటనలను చదివే బాధ్యతను ప్రతి మస్జిద్ కమిటీ ఒక యువకునికి అప్పగించలేదా?

ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రహదారి విస్తరణ పేరిట ఒక పాత్రికేయుని ఇంటిని కూల్చారు. ఆక్రమణ అన్నది 3.70 మీటర్లు; కూల్చింది అంతకంటే చాలా ఎక్కువ. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మన్నది. ముందు రికార్డుల ప్రకారం రోడ్డు అసలు వెడల్పు తేల్చాలి, సర్వే చేయాలి, ఆక్రమణ ఉంటే నోటీసిచ్చి అభ్యంతరం వినాలి. ఉన్న వెడల్పు చాలకపోతే చట్టప్రకారం భూమిని సేకరించాలి అని స్పష్టంగా చెప్పింది. ఈ తీర్పును అన్ని రాష్ట్రాలకూ పంపమన్నది. అదే నెల 13న ఇచ్చిన మరో తీర్పు కూల్చివేతకు 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. కానీ రోడ్డు, కాలిబాట వంటి బహిరంగ స్థలాలలోని అనధికార కట్టడాలకు ఆ రక్షణ లేదు. కనుక వివాదమంతా మన గోడ రోడ్డులో ఉందా, రోడ్డే మన గోడ మీదికి వచ్చిందా అన్నచోటే తేలుతుంది. ఖబరస్తాన్, ఈద్గాహ్, పీర్ల చావిడి ప్రహరీలకూ ఇదే వర్తిస్తుంది. తాతల నాటి నుండి వాడుతున్నామన్న మాట చాలదు, వక్ఫ్ రిజిస్ట్రేషన్ కాగితం కావాలి. 2025 సవరణ తరువాత దాని అవసరం మరింత పెరిగింది.

వెడల్పు ఒక్కటే చూసే అలవాటు మనకూ ఉంది. కాలిబాట ఎంత? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం నివాస ప్రాంతాలలో కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాలలో 2.5 మీటర్లు ఉండాలి. పాత రోడ్డును గీకి తీయకుండా పొర మీద పొర వేస్తూ పోతే ఇంటి గడప రోడ్డుకన్నా కిందికి పోతుంది. వాన పడితే మురుగంతా నట్టింట్లోకే. బడి ఎదుట రోడ్డు దాటే చోటు ఉందా? ఈ కష్టాన్ని ఎక్కువగా ఎరిగినది స్త్రీలు. వారు లేని కమిటీ ఈ ప్రశ్నలు అడగదు. బండ్లవారికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టముంది. సర్వే పూర్తికాకుండా వారిని తొలగించరాదు.

పరిసరాలకు తగినట్లు రోడ్డును మలచడం సాధ్యమేనా అని ఇంజినీర్లు అడిగితే హైదరాబాదును చూపండి. పాతబస్తీ మెట్రో మార్గంలో వందకు పైగా ప్రార్థనా స్థలాలు, పురాతన కట్టడాలు ఉన్నాయని గుర్తించి, వాటిని కాపాడేలా స్తంభాల స్థానాలను సవరించే పద్ధతిని ఎంచుకున్నారు. అమెరికాలోని కెంటకీలో లెక్సింగ్టన్–ప్యారిస్ రోడ్డు విస్తరణను 1979లో కోర్టు ఆపింది. తరువాత చెట్లను, పాత రాతిగోడలను దృష్టిలో ఉంచుకొని రోడ్డును మళ్లీ గీశారు. తీయక తప్పని గోడలను తాపీ పనివారితో తిరిగి కట్టించారు. కడప బండల సీమలో రాతిపని తెలిసినవారికి కొదువా!

రేపటి నుండే మొదలుపెట్టండి. టేపు పట్టుకొని మీ వీధిని ఈ చివర నుండి ఆ చివరకు కొలవండి. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, వక్ఫ్ గెజిట్ నకలు ఒకచోట చేర్చండి. పక్కనున్న హిందూ సోదరుని టీ కొట్టునూ, చర్చి ప్రహరీనీ వదలకండి. వారి సంతకాలూ తీసుకోండి. అన్నిటికీ రెండు ప్రతులు తీసి, ఒకటి మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి, రెండవదాని మీద తేదీతో ముద్ర వేయించుకొని మస్జిద్ బీరువాలో భద్రపరచండి.