విధానాల పోలిక: విద్యుత్ సంస్కరణలు చెప్పే సంగతి



చరిత్రలోనూ సంపదలోనూ ఏమాత్రం పొంతన లేని దేశాలు ఒకే తరంలో దాదాపు ఒకే చట్టాన్ని చేసుకోవడం గత డెబ్బై ఏళ్లుగా పదేపదే కనిపిస్తున్నది. ఫ్రాన్సులో 1954లో మొదలైన విలువ ఆధారిత పన్ను, అంటే సరుకు చేతులు మారే ప్రతి దశలోనూ అక్కడ పెరిగిన విలువ మేరకే పడే పన్ను, నేడు ప్రపంచంలోని అత్యధిక దేశాల్లో ఉన్నది. భారతదేశంలో 2017 జూలై 1 నుంచి అమలవుతున్న వస్తు సేవల పన్ను ఆ కుదురుకు చెందినదే. వేర్వేరుగా ఉన్న ప్రభుత్వ విధానాలు కాలక్రమంలో ఇలా దగ్గరవడాన్ని రాజనీతి శాస్త్రజ్ఞులు విధాన అభిసరణ అంటారు. ఆరంభం నుంచీ ఒకేలా ఉన్న చట్టాలు దీని కిందికి రావు. ఏ చట్టం ఎప్పుడు, ఎందువల్ల తన పాత దారి విడిచిందన్నదే ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న.

ఆర్థికవేత్త క్లార్క్ కెర్, ఆయన సహరచయితలు 1960లో ఇచ్చిన సమాధానం ప్రకారం పారిశ్రామికీకరణ ఏ సమాజాన్నైనా ఒకే రకమైన అవసరాల్లోకి నెడుతుంది కనుక ప్రభుత్వాలు కూడా ఒకే రకమైన ఏర్పాట్లు చేసుకోక తప్పదు. ఉదాహరణకు ప్రతి దేశానికీ ఒక విద్యుత్ విధానం ఎందుకు అవసరమో ఈ వాదన చెప్పగలదు గాని, ఆ విధానాల్లో చాలా ఒకే తరంలో ఒకే రూపం ఎందుకు తొడుక్కున్నాయో చెప్పలేదు. సంస్థల మధ్య పోలికను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్తలు పాల్ డిమాజియో, వాల్టర్ పావెల్ 1983లో మూడు కారణాలు చూపారు: పైనుంచి వచ్చే ఒత్తిడి, దిక్కుతోచని వేళ చేసే అనుకరణ, ఒకే శిక్షణ పొందిన నిపుణులు ప్రతిచోటా ఒకే సలహా ఇవ్వడం. పెట్టుబడులను ఆకర్షించడానికి ప్రభుత్వాల మధ్య నడిచే పోటీని దీనికి చేరిస్తే, దేశాల విషయంలో వివరణ చాలావరకు పూర్తవుతుంది.

ఈ కారణాలన్నీ తెలుగు నేల మీద ఒక్కచోట కలిసిన ఉదాహరణ విద్యుత్ రంగం. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం చాలా దేశాల్లో కరెంటు ఉత్పత్తి, దాన్ని దూరాలకు చేరవేసే ప్రసారం, ఇళ్లకూ పొలాలకూ అందించే పంపిణీ ఒకే సంస్థ చేతిలో ఉండేవి. షికాగోలో చదివి వచ్చిన ఆర్థికవేత్తల ప్రభావంలో ఉన్న చిలీ సైనిక ప్రభుత్వం 1982 చట్టంతో ఈ మూడింటినీ వేరు చేసింది. ఇంగ్లండులో 1989 చట్టం అదే పని చేసి, సంస్థలను ప్రైవేటు రంగానికి అప్పగించింది. 1990 దశకంలో ప్రపంచ బ్యాంకు విద్యుత్ రుణాలకు ఇటువంటి సంస్కరణలను ముడిపెట్టడంతో ఈ నమూనా ఖండాలు దాటింది. ఒరిస్సా 1995లో చట్టం చేసి 1996లో తన విద్యుత్ బోర్డును విడదీయగా, ఆంధ్రప్రదేశ్ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసి 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కో అనే సంస్థలుగా విభజించి, 2000లో ట్రాన్స్‌కో నుంచి నాలుగు పంపిణీ సంస్థలను ఏర్పరచింది.

దీన్ని రుణదాత ఆజ్ఞగా మాత్రమే చూసేవారు ఒక వాస్తవాన్ని విడిచిపెడుతున్నారు: ప్రపంచ బ్యాంకుతో రుణ ఒప్పందానికి ముందే, 1995లో రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హితేన్ భయా సంఘం సంస్కరణలను సూచించింది, బోర్డు నష్టాలు కూడా కల్పితం కావు. అనుభవంతో రుజువైన ఉత్తమ పద్ధతిని స్వీకరించడమే జరిగిందనేవారు అంతకన్నా పెద్ద వాస్తవాన్ని విడిచిపెడుతున్నారు. హైదరాబాదులో విభజన జరిగేనాటికి పక్కనున్న ఒరిస్సాలో ఫలితాలు తేలనే లేదు. కాలిఫోర్నియా 2000, 2001 సంవత్సరాల్లో చీకట్లో మగ్గి, విద్యుత్ విపణి ఎంత సులువుగా వికటించగలదో చూపించింది. ఆ తరువాత దక్షిణ కొరియా పంపిణీ విభజనను 2004లో నిలిపివేసింది. ఫలితం తేలకముందే నమూనా ప్రయాణించడం విధాన అభిసరణలో అత్యంత శ్రద్ధగా చూడవలసిన లక్షణం, ఎందుకంటే అనుకరణకు కావలసింది ఎదుటివారి విజయం కన్నా ముందు, ఎదుటివారి ధీమా.

నమూనాలో లేనిది పంపుసెట్టు. తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో కాలువ నీరు అందని లక్షలాది మంది రైతులు బోరుబావిని నమ్ముకున్నారు, ఆ బావుల మోటార్లకు మీటర్లు లేవు, హార్స్‌పవరుకు ఏటా ఇంత అనే శ్లాబు పద్ధతిలోనే వసూళ్లు జరిగేవి. మీటరు లేనిచోట వ్యవసాయానికి ఎంత కరెంటు పోయిందో అంచనా తప్ప కొలత ఉండదు కనుక, దొంగతనమూ తీగల్లో పోయే నష్టమూ రైతు ఖాతాలో పడేందుకు వీలుండేది. ఇంగ్లండు చట్టం రాసినవారికి ఈ చిక్కు ఎదురు కాలేదు. ఇక్కడ అది సమస్యకు కేంద్రం. ఖర్చుకు తగిన ధర వసూలు చేయాలన్న సూత్రం 2000 జూన్‌లో చార్జీల పెంపుగా ఇళ్లకు చేరినప్పుడు రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఒక విధానం ఎక్కడి నుంచి వచ్చినా దాని మూల్యాన్ని చెల్లించేది అది చేరిన చోటి మనుషులేనన్న సంగతి, అంతర్జాతీయ నివేదికల పట్టికల్లో ఎన్నడూ తగిన చోటు పొందలేదు.

అయితే అదే సంస్కరణ మరొకదాన్ని కూడా తెచ్చింది. ధరలు నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వం నుంచి వేరు చేసి, కొంతమేరకు న్యాయస్థానంలా విచారణ జరిపే నియంత్రణ మండలికి ఇచ్చే పద్ధతి చిలీది కాదు, ఇంగ్లండుది కాదు. విద్యుత్ విషయంలో అది 1907లో అమెరికాలోని విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఊపందుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఏర్పడిన మండలి బహిరంగ విచారణలు మొదలుపెట్టినప్పుడు రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, రాజకీయ పక్షాలు, పౌర బృందాలు పంపిణీ సంస్థల లెక్కలను చేతబట్టి ప్రశ్నించడం నేర్చుకున్నాయి. అంతవరకు బోర్డు గదుల్లో ఉండిపోయిన అంకెలు, కొనుగోలు ఒప్పందాలు బయట చర్చకు వచ్చాయి. అరువు తెచ్చుకున్న రూపాన్ని స్థానికులు తమ పనిముట్టుగా మలచుకోవడం ఇదే, సంస్కరణ మొత్తంలో అత్యంత విలువైన భాగం కూడా ఇదే.

2004 మేలో రాష్ట్రం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించడంతో ధరల సూత్రం పొలం గట్టు దగ్గర ఆగిపోయింది, పంపిణీ సంస్థలు నేటికీ ప్రభుత్వానివే. బయటి నుంచి చూస్తే చిలీ, ఇంగ్లండు, ఆంధ్రప్రదేశ్ ఒకే నమూనాను అనుసరించాయి. లోపల ఆస్తి ఎవరిది, బిల్లు ఎవరు కడతారు అన్న రెండు ప్రశ్నలకూ జవాబులు వేరు. రూపం కలిసినంత మాత్రాన సారం కలవదని, పరిశోధకులు రూపాన్ని లెక్కించడం సులువు కనుక అభిసరణను ఎక్కువ చేసి చూపే ప్రమాదం ఉందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

2014లో విడిపోయిన రెండు తెలుగు రాష్ట్రాలు అదే జెన్‌కో, ట్రాన్స్‌కోల ఏర్పాటును, వేర్వేరు నియంత్రణ మండళ్లను, రైతుకు ఉచిత విద్యుత్తును కొనసాగిస్తున్నాయి. ఆ మండళ్ల ముందుకు పంపిణీ సంస్థలు ఏటా తమ ఆదాయ అవసరాల నివేదికలు పెడతాయి. నేడు విశ్వవిద్యాలయ పట్టా పొందుతున్న విద్యార్థుల్లో కొందరు ఆ నివేదికలు తయారు చేసే ఉద్యోగాల్లో ఉంటారు, మరికొందరు రైతు సంఘం తరఫున వాటిపై అభ్యంతరం రాస్తారు. ఒక ఫీడరు లైను కింద ఎన్ని మోటార్లున్నాయి, అవి నిజంగా ఎన్ని యూనిట్లు వాడాయి అని విచారణలో ఒకరు అడిగినప్పుడు, మరొకరు ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర తీసిన కొలతలతో జవాబు చెప్పవలసి ఉంటుంది.